సలహాల పెట్టెలో మిరపకాయలు

1999 ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, భారత సైన్యానికి చెందిన ఒక కల్నల్ గారు మా షెడ్డులో వరసగా పంతొమ్మిది సార్లు తుమ్మారు. లెక్కపెట్టింది నేనే. హెడ్ గుమాస్తాని కాబట్టి, ఎదురుగా ఏది జరిగినా లెక్కపెట్టడం అలవాటు.

మాది గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో ఉన్న చిన్న మిలిటరీ డిపో. అందులో తుపాకులు, గుళ్లు లాంటివేమీ ఉండవు. ఎండుమిరపకాయలు కొని, రంగు పోయిన తాలుకాయలు ఏరించి, తొడిమలు తీయించి, టిక్కీలకెత్తి, ఎక్కడో మంచుకొండల మీదుండే జవాన్ల వంటశాలలకు పంపడం మా పని. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోనెబస్తా. యూనిఫాం వేసుకునేవాళ్లు నలుగురే. మిగతా ముప్పై ఇద్దరమూ సివిలియన్లం. అంటే జీతం మిలిటరీది, చొక్కా మాది.

కల్నల్ గారు సికింద్రాబాద్ నుంచి వచ్చింది సివిలియన్ ఉద్యోగుల్లో నాయకత్వ లక్షణాలు పెంచడం గురించి మాట్లాడటానికి. మమ్మల్ని షెడ్డులో వరసగా నిలబెట్టారు. ఆయన మొదటి వాక్యం పూర్తిచేసేసరికి నుదుటి మీద చెమట పట్టింది. ఇంటికొచ్చిన మనిషికి చెమట పడితే మనవాళ్లు ఏం చేస్తారో మా షెడ్డులో పనిచేసే ఖుర్షిదా కూడా అదే చేసింది. పక్కనే ఉన్న నిలువెత్తు ఫ్యాను ఆయన వైపు తిప్పి, స్విచ్చి వేసింది. ఫ్యానుకీ కల్నల్ గారికీ నడుమ అప్పుడే తొడిమలు తీసిన మిరపకాయల కుప్ప ఉంది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మిరప కోరు, అంటే ఆ ఘాటు దుమ్ము మధ్య పుట్టి పెరిగిన మా ముక్కులు ఎప్పుడో రిటైరయ్యాయి.

పంతొమ్మిదో తుమ్ము తర్వాత ఆయన కళ్లు తుడుచుకుని చూశారు. ముప్పై ఇద్దరు సివిలియన్లు కదలకుండా, కళ్లార్పకుండా నిలబడి ఉన్నారు. ఫ్యాను పక్కనే ఒకామె, చీర కొంగైనా ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా నిలబడి ఉంది. ఆయన వెళుతూ వెళుతూ సందర్శకుల పుస్తకంలో ఇక్కడి సివిలియన్ సిబ్బంది స్థైర్యం మెచ్చుకోదగినదని రాశారు. ఆర్నెల్ల తర్వాత పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నాయకత్వ శిక్షణకి మా డిపోకి ఒక సీటు ఇచ్చారట. ఫ్యాను పక్కన నిలబడ్డ ఆ మహిళ పేరు పంపమన్నారు.

ఆ మహిళ షేక్ ఖుర్షిదా. ప్రత్తిపాడు మనిషి. భర్త అబ్దుల్ ఖాదర్‌కి ఊళ్లో సైకిల్ షాపు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి ద్వారా 1986లో మా డిపోలో మజ్దూరుగా చేరింది. ఊడ్చడం, నీళ్లు మోయడం, టిక్కీ నింపేటప్పుడు గోనె మూతి తెరిచి పట్టుకోవడం, నిండాక దాని మీద నంబరు అచ్చు వేయడం ఆమె పని. కూతురు ఉజ్మా పదో తరగతి పరీక్షకి కట్టిన ఏడే తనూ ప్రైవేటుగా కట్టింది. లెక్కల్లో తల్లికి డెబ్భై ఒకటి, కూతురికి అరవై ఎనిమిది వచ్చాయి. ఉజ్మా రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడో రోజు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో అడగాల్సి వచ్చి మాట్లాడింది.

మా దగ్గర మజ్దూరు పైన ఒకటే మెట్టు. స్టోర్ సూపర్‌వైజరు. పాతాయన రిటైరై ఆ కుర్చీ ఖాళీగా ఉంది. దానికి పదో తరగతి ఉండాలి, శిక్షణ పూర్తిచేయాలి, ఆపైన డిపో అధికారి “తగును” అని రిపోర్టు రాయాలి. ఇవన్నీ నలభై ఐదో ఏడు నిండేలోపు జరగాలి. ఖుర్షిదాకి 2000 ఆగస్టులో నలభై ఐదు నిండుతాయి. ఆ తేదీ దాటితే వేరే డిపో నుంచి ఎవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు. ఈమె రిటైరయ్యేదాకా గోనె మూతి పట్టుకోవాల్సిందే.

దరఖాస్తు నేనే టైపు చేశాను. ఒక గడి దగ్గర ఆగాను.

“నాయకత్వ అనుభవం అని ఉందమ్మా. ఏం రాయను?”

“అంటే ఏందండీ?”

“నీ మాట విని పదిమంది పని చేసిన సందర్భాలు.”

“మా ఆయన వింటాడండీ.”

“ఒక్కడు చాలడు.”

“అయితే ఏం లేదని రాయండి గుమాస్తాగారూ. అబద్ధం ఎందుకు.”

అంతలో షెడ్డులోంచి ఎవరో, “ఖుర్షిదమ్మా, ఈ కుప్ప ఎటు పొయ్యమంటావే,” అని కేకేశారు. ఆమె గుమ్మం దాకా వెళ్లి, “తూర్పు పక్క పొయ్యండి, ఆ రెండో కాటాలో వేస్తున్నది ఆపండి, అందులో తాలుంది,” అని చెప్పి, తిరిగొచ్చి కూర్చుంది. నేను ఆ గడిలో “లేదు” అని టైపు చేశాను. అప్పుడు నేను చేసింది ఎంత తెలివైన పనో తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

శిక్షణ సికింద్రాబాద్‌లో ఆరు వారాలు. 2000 ఫిబ్రవరి మధ్యలో వెళ్లి మార్చి ఆఖరుకి వచ్చింది. దేశంలోని రకరకాల డిపోల నుంచి వచ్చిన ముప్పై మంది మగవాళ్లు, ఈమె ఒక్కతే ఆడమనిషి. పాఠాలు హిందీలో. మన గుంటూరు ఉర్దూతో నెట్టుకొచ్చింది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా లక్నో నుంచి వచ్చిన ఒకాయన చెవులు మూసుకునేవాడట. “నా భాషకి ఆయన మూసుకున్నాడు, ఆయన పాటకి నేను మూసుకున్నాను, చెల్లుకి చెల్లు,” అనేది.

ఒకరోజు అందరి చేతా ఒక పరీక్ష చేయించారట. మైదానంలో పెద్ద బల్ల ఉంది, ఆరుగురు మనుషులున్నారు, ఆజ్ఞ ఇచ్చి బల్లని అవతలికి మార్పించాలి. ఒక్కొక్కరూ చెట్ల మీది కాకులు లేచిపోయేలా అరిచారు. ఖుర్షిదా మాత్రం, “కాస్త అటు పట్టండయ్యా, నేనిటు పడతా,” అని తనూ ఒక కోడు పట్టుకుంది. బల్ల అందరికంటే ముందు కదిలింది. మార్కులు అందరికంటే తక్కువ వచ్చాయి. కాగితం మీద “గొంతులో అధికారం లేదు” అని రాశారు.

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఇంటికొచ్చాక పెరట్లో నిలబడి రోజూ పొద్దున్నే గొంతు పెంచడం సాధన చేసింది. నాలుగో రోజు పక్కింటి జుబేదా గోడ మీంచి తొంగిచూసి, “ఖాదర్ అన్న ఏం చేశాడే పాపం,” అని అడిగింది. సైకిల్ షాపు దగ్గర అప్పటికే ఇద్దరు ముగ్గురు ఖాదర్‌ని ఓదార్చి పోయారు.

సాధన చేసిన గొంతుని ఏప్రిల్ మొదటి వారంలో షెడ్డుకి తెచ్చింది. షెడ్డులో అప్పటికి నలభై మంది ఆడవాళ్లు కూర్చుని కాయలు ఏరుతున్నారు. వీళ్లు ఉద్యోగులు కారు, సీజనుకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే కూలీలు. వాళ్లకి పెద్దదిక్కు సుబ్బరావమ్మ. అరవై దాటిన మనిషి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి కోడలు ఎవరి పక్కన కూర్చోకూడదో అన్నీ ఆమెకి తెలుసు. ఖుర్షిదా గుమ్మంలో నిటారుగా నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, “అందరూ లేచి నిలబడండి,” అంది.

నలభై మందీ లేచారు. లేవడమే కాదు, కుప్పలు తొక్కుకుంటూ వెళ్లి టిక్కీల మీదికి ఎక్కేశారు.

“ఎక్కడే, ఏ మూల?” అంది సుబ్బరావమ్మ, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి.

“ఏంది పిన్నీ?”

“పాము.”

“పాము లేదు పిన్నీ. ఊరికే, లేచి నిలబడమన్నా.”

సుబ్బరావమ్మ టిక్కీ మీంచి దిగకుండానే ఆమె వంక చూసింది. “ఊరికే లేవమన్నావా. మోకాళ్ల నొప్పులతో చచ్చేదాన్ని ఊరికే లేవమన్నావా. పట్నంలో ఆరు వారాలు కూర్చోబెట్టి నీకు నేర్పింది ఇదా?”

ఆ రోజు నుంచి ఖుర్షిదా గొంతు మళ్లీ పాత గొంతే.

కానీ శిక్షణలో ఇంకో షరతు ఉంది. నేర్చుకున్నవాళ్లు తమ డిపోలో మూడు నెలలు ఒక మెరుగుదల పని చేసి చూపించాలి. దాన్ని చూసే అధికారి రిపోర్టు రాస్తాడు. ఖుర్షిదా ఎంచుకున్నది సలహాల పెట్టె. పనిచేసేవాళ్ల మనసులో మాట పైవాళ్లకి చేరాలంటే ఇంతకంటే మంచి మార్గం లేదని సికింద్రాబాద్‌లో చెప్పారట. వడ్రంగి అలీ సాహెబ్ పాత చెక్కలతో పెట్టె చేసి, పైన చీలిక కోసి, మిలిటరీ పచ్చరంగు పూశాడు. “మీ సలహాలు, ఫిర్యాదులు ఇందులో వేయగలరు” అని గుండ్రటి అక్షరాలతో నేనే రాసి అంటించాను. ప్రతి శనివారం మేజర్ గారి ఎదుట తాళం తీయాలి.

మేజర్ గారంటే మా డిపో అధికారి. ఏడాది క్రితమే డెహ్రాడూన్ వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మాట తక్కువ, మంచి మనిషి. ఆయనకి రెండే రెండు ఇష్టాలు. ఒకటి కాగితాలు నిటారుగా సర్దడం. రెండోది గులాబీలు. వచ్చేటప్పుడు ఇంటి దగ్గర్నుంచి గులాబీ కొమ్మలు తడిగుడ్డలో చుట్టి, రెండు రాత్రులు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. షెడ్డు ఉత్తరపు గోడ పక్కన నీడ పడుతుందని అక్కడ నాటించారు. మన ఎండకి అవి బతకవని అందరం అనుకున్నాం. ఆయన దగ్గరుండి పొద్దునా సాయంత్రం కుళాయి గొట్టంతో నీళ్లు పెట్టించి, మొండిగా బతికించారు. మే నెలలో కూడా అవి పూశాయి. గుంటూరు నుంచి పనిమీద వచ్చినవాళ్లు ముందు గులాబీలు చూసి, తర్వాత మమ్మల్ని చూసేవాళ్లు.

సలహాల పెట్టె మొదటి శనివారం ఖాళీ. రెండో శనివారం ఖాళీ. మూడు, నాలుగు కూడా అంతే. మేజర్ గారు ప్రతిసారీ లోపలికి తొంగిచూసి, తల పంకించి, తన కాగితంలో సున్నా వేసుకునేవారు. ఖుర్షిదా మొహం చూడలేకపోయేవాణ్ణి. ఐదో వారం నాకే జాలేసి, “తాగేనీళ్ల కుండ నీడకి మార్చవలెను” అని ఎడమచేత్తో వంకర టింకరగా రాసి, ఎవరూ చూడకుండా పెట్టెలో వేశాను. శనివారం మేజర్ గారు ఎంతో సంతోషించి కుండని నీడకి మార్పించారు. ఆయన వెళ్లాక ఖుర్షిదా నా బల్ల దగ్గరకొచ్చింది.

“గుమాస్తాగారూ, ఎడమచేత్తో రాసినా మీ ‘వలెను’ పోలేదండీ.”

“ఏదో నీకు సాయంగా ఉంటుందని.”

“సాయమే లెండి. కానీ వాళ్లెందుకు వెయ్యట్లేదో అర్థం కావట్లా.”

“రాయడం రాకేమో.”

నలభై మందిలో సంతకం చేయగలిగినవాళ్లు ఆరుగురు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. పెట్టె పెట్టినప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు. నేనైతే బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా వచ్చాయో లేదో చూసుకుంటూ మురిసిపోయాను.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె వాళ్ల మధ్య వెళ్లి కూర్చుంది. “ఇదిగో, ఆ పెట్టె ఉంది చూశారా. అందులో రాసే వెయ్యాలని లేదు. మీరు చెప్పాలనుకున్నది ఎట్టా వీలైతే అట్టా వెయ్యండి. ఎవరు వేశారని అడగను,” అంది.

“ఏదైనా వెయ్యొచ్చంటావా?” అంది సుబ్బరావమ్మ.

“ఏదైనా.”

మే నెల మూడో శనివారం పెట్టె ఎత్తి బల్ల మీద పెడితే బరువుగా తగిలింది. మేజర్ గారి కళ్లు మెరిశాయి. తాళం తీసి వంచారు. బల్ల మీద బొలబొలా రాలినవి మిరపకాయలు. వాటితోపాటు గుప్పెడు తొడిమలు, ఒక గోనెగుడ్డ ముక్క, ఒక పాత చీర పీలిక, ఒక గులకరాయి కూడా పడ్డాయి. కాగితం ముక్క ఒక్కటీ లేదు.

మేజర్ గారి మొహం మెల్లమెల్లగా ఎర్రబడింది. “ఇది చెత్తబుట్టనుకున్నారా,” అన్నారు హిందీలో. తర్వాత నా వైపు తిరిగి, “ప్రభుత్వ సరుకు పెట్టెలో వేయడం, మెరుగుదల పనిని వేళాకోళం చేయడం. మెమో తయారు చేయండి,” అన్నారు. ఆయన తప్పూ కాదు. ఆ క్షణంలో నాకూ అలాగే అనిపించింది. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, నేను కాగితం తీసి టైపు మిషనుకి ఎక్కించేశాను కూడా. రిపోర్టు గడువు ఇంక నెల రోజులు. మెమో పడితే అందులో ఏం రాస్తారో వేరే చెప్పక్కర్లేదు.

“ఒక్క నిమిషం సాబ్,” అంది ఖుర్షిదా. పాత న్యూస్‌పేపరు బల్ల మీద పరిచి, కాయల్ని ఒక్కొక్కటిగా తీసి దాని మీద పేర్చడం మొదలుపెట్టింది.

మిరప యార్డులో తిరిగినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడ ఒకరి సరుకు గురించి ఒకరు మొహం మీద చెడ్డగా చెప్పరు. సరుకులోంచి ఒక కాయ తీసి అరచేతిలో పెడతారు. దాన్ని మచ్చు అంటారు. అరచేతిలో కాయ చూసుకున్నవాడికి సంగతి తెలిసిపోతుంది, మాటలు అక్కర్లేదు. ఏదైనా వెయ్యొచ్చని చెప్పాక వీళ్లు వేసినవీ అవే. పెట్టె నిండా మచ్చులు.

ఖుర్షిదా చదవడం మొదలుపెట్టింది. మంచికాయ, తాలుకాయ ఒకే దారంతో కట్టి ఉన్నాయి. “ఏరిన కుప్పలో మళ్లీ ఎవరో తాలు కలుపుతున్నారు సాబ్. రెండో కాటా దగ్గర.” గుప్పెడు తొడిమలు. “తొడిమలు వెంటనే ఎత్తట్లేదు, కాళ్లకి గుచ్చుకుంటున్నాయి.” గోనెముక్క అంచు చూపించింది. “ఇది ఎలక.” చీర పీలిక చేతిలోకి తీసుకుంది. “ఆడవాళ్లు వెళ్లే చోట గుమ్మానికి తలుపు లేదు. పరదా అయినా కట్టమంటున్నారు.”

మేజర్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నేను టైపు మిషన్ లోంచి కాగితం చప్పుడు కాకుండా లాగేశాను.

“ఈ రాయి?”

ఖుర్షిదా గులకరాయిని అటూ ఇటూ తిప్పింది. చదవడం రాలేదు. సుబ్బరావమ్మని పిలిపించారు.

“అదా,” అంది సుబ్బరావమ్మ. “నేనే వేశా. అందరూ ఏదోటి వేస్తున్నారు గదా, నేను వెయ్యకపోతే ఏం బాగుంటదని.”

ఆఖరున మిగిలినవి ఏడు కాయలు. ఏడుగురు విడివిడిగా వేసినవి. ఖుర్షిదా ఒకటి తీసి చెవి దగ్గర ఊపింది. ఎండినకాయ ఊపితే లోపల గింజలు గలగలమనాలి. ఇది పలకలేదు. రెండోదీ అంతే. విరిస్తే విరగలేదు, వంగింది. తొడిమ మొదట్లో నల్లటి బూజు.

“చెమ్మ సాబ్,” అంది. “ఈ రకం కాయ ఎత్తింది ఉత్తరపు వరస టిక్కీలకే. సోమవారం లారీలకి ఎక్కాల్సినవి ఇవే.”

మేజర్ గారు ఏడో కాయని తనే చేతిలోకి తీసుకున్నారు. దానికి దారంతో ఒక ఎర్రటి గులాబీ రేకు కట్టి ఉంది.

“ఇదేమిటి?”

సుబ్బరావమ్మ పైకప్పు రేకుల వంక చూస్తూ నిలబడింది. నాకు అర్థమైంది. కొన్ని వారాలుగా నలభై మందీ నోరు మెదపకుండా ఎందుకున్నారో కూడా అర్థమైంది. రిపోర్టు రాయాల్సిన చెయ్యి ఆ రేకుని పట్టుకుని ఉంది. ఖుర్షిదాని కాపాడదామని, “పూజకి తెచ్చుకున్న పువ్వేమో సార్, పొరపాటున పడి ఉంటుంది,” అన్నాను.

మేజర్ గారు ఖుర్షిదా వంక చూశారు. “పొరపాటునేనా, ఖుర్షిదాజీ?”

ఖుర్షిదా చెంగుతో చేతులు తుడుచుకుంది. ఎర్రగా అంటిన కోరు పోలేదు. అవును సాబ్ అంటే సరిపోయేది. చెమ్మ ఎక్కడిదో తర్వాత వెతుక్కునేవాళ్లం. రెండు నెలల్లో కుర్చీ ఆమెది అయ్యేది.

“కాదు సాబ్,” అంది మామూలు గొంతుతోనే. “మీ గులాబీలు చాలా మంచివి. కానీ వాటికి రెండు పూటలా పెట్టే నీళ్లలో, అవి తాగగా మిగిలింది గోడ తాగుతోంది. గోడ తాగగా మిగిలింది టిక్కీలు తాగుతున్నాయి. మీరు ప్రేమగా పెంచుకుంటున్నారని వీళ్లెవరికీ చెప్పడానికి మనసొప్పలేదు. నాకూ ఒప్పట్లేదు. కానీ అడిగారు గదా.”

మేజర్ గారు లేచి బయటికి వెళ్లారు. కిటికీలోంచి చూస్తే ఉత్తరపు గోడ పక్కన వంగి, అరచేయి గోడకి ఆనించి నిలబడి కనిపించారు. తిరిగి వచ్చి, “టిక్కీలు దింపించండి,” అన్నారు.

దింపించాం. గోడకి ఆనిన వరసలో యాభై మూడు టిక్కీల అడుగున చెమ్మ ఎక్కింది. పద్నాలుగింటిలో బూజు ముదిరి పారబోయాల్సి వచ్చింది. మిగతావి అప్పుడే కళ్లంలా పరిచి ఆరబోశారు. సుబ్బరావమ్మ జట్టు ఆదివారం కూడా, ఎవరూ పిలవకుండానే వచ్చి, కాయలు తిరగేశారు. లారీలు సోమవారం బదులు గురువారం వెళ్లాయి. జవాన్ల కూరల్లోకి బూజు పోలేదు.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. చెమ్మ చూసే రిజిస్టరు ఒకటుంది. వారానికోసారి ఇరవై టిక్కీలకి ఒకటి విప్పి, కాయ ఊపి, విరిచి చూసి అందులో రాయాలి. ఆ ఎండల్లో షెడ్డుకి వెళ్లబుద్ధి కాక, ఐదు వారాలుగా నేను నా బల్ల దగ్గరే కూర్చుని, పై వరస చూసి కింద వరస రాస్తున్నాను. మేజర్ గారు ఆ రిజిస్టరు తెప్పించారు. ఉత్తరపు వరస ఎదురుగా నా గుండ్రటి అక్షరాల్లో “పొడి, పొడి, పొడి” అని ఉంది.

“హెడ్ క్లర్క్ గారు చూసినప్పుడు పొడిగానే ఉన్నాయేమో సాబ్,” అంది ఖుర్షిదా.

ఆ “ఏమో” ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత ఒక్కవారం కూడా నేను టిక్కీ విప్పకుండా రిజిస్టరు రాయలేదు.

గులాబీల్ని మేజర్ గారు తనే తవ్వి తీశారు. నూనెడబ్బాల్లోకి మార్చి, గేటు పక్కకి చేర్చారు. మూడు చచ్చిపోయాయి. చచ్చిపోయిన వాటిని పారేయడానికి తోటమాలిని పిలవకుండా తనే తీసుకెళ్లడం చూసి, ఆ రోజంతా షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మర్నాడు ఆడవాళ్లు వెళ్లే చోటికి పరదా వచ్చింది. ఆకుపచ్చ మిలిటరీ గుడ్డ, అంచుకి చక్కటి కుట్టు.

జూన్ ఆఖరున రిపోర్టు టైపు చేయడానికి నా దగ్గరికే వచ్చింది. అధికారి చేతిరాతలో “సూపర్‌వైజరు పదవికి తగును” అని ఉంది. కింద ఇంకో గడి, “లోపాలేమైనా ఉన్నచో.” ఆ గడిలో సాధారణంగా అందరూ గీత పెట్టి వదిలేస్తారు. మేజర్ గారు మాత్రం “గులాబీల పట్ల జాలి లేదు” అని రాశారు. టైపు చేయనా మాననా అని అడగడానికి లోపలికి వెళ్లాను. ఆయన కాగితాలు నిటారుగా సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, చేయమన్నారు. చేశాను. ఆ కాగితం అలాగే సికింద్రాబాద్ వెళ్లింది, అలాగే మంజూరై వచ్చింది. ఆగస్టులో నలభై ఐదో పుట్టినరోజుకి తొమ్మిది రోజుల ముందు ఖుర్షిదా సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుంది. ఖాదర్ సైకిల్ షాపు దగ్గర లడ్డూలు పంచాడు. సుబ్బరావమ్మ వచ్చి కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “మెత్తటి దిండు వేసుకోవే, నడుం పోద్ది,” అని చెప్పి వెళ్లింది.

ఖుర్షిదా ఆ కుర్చీలో కూర్చున్నది తక్కువ. ఎక్కువగా షెడ్డులోనే ఉండేది. పెట్టెని తీసేసి దాని బదులు ఒక వెడల్పాటి చేట పెట్టింది, మచ్చులు వేసుకోవడానికి వీలుగా. ప్రతి ఏడూ శిక్షణకి సీటు వస్తే, ఎవరిని పంపాలో వెతికేది. గోనెలు కుట్టే కోటేష్‌కి పదో తరగతి కట్టించి, రెండుసార్లు తప్పితే మూడోసారి తనే పక్కన కూర్చుని లెక్కలు చెప్పి, పాస్ చేయించి పంపింది. అతను ఇప్పుడు విశాఖ వైపు ఒక డిపోలో సూపర్‌వైజరు. గేటు కాపలా మాలిక్‌ని పంపింది. మాలిక్ తిరిగొచ్చి మొదటి రోజే గేటు దగ్గర గొంతు పెంచితే, “అది నేను చేసి చూశాలే, పామనుకుంటారు,” అని వారించింది. మేజర్ గారి తర్వాత ఇంకో ఇద్దరు అధికారులు వచ్చి వెళ్లారు. వచ్చిన ప్రతివాళ్లూ మొదటి వారం ఆమెకి ఆజ్ఞలిచ్చేవారు. రెండో వారం నుంచి ఆమెని అడిగి ఆజ్ఞలిచ్చేవారు.

2006 జూన్‌లో డిపోకి రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటే పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం. కంప్యూటరు, నాయకత్వం రెండూ కలిపి నేర్పే కొత్త శిక్షణకి, రెండు నెలలు, డిపో నుంచి ఒకరి పేరు పంపాలి. మామూలుగా ఆ పేరు ఖుర్షిదా చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. ఆ రోజు ఆమె తనే కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లింది. చదివాను. యలమందయ్య, హెడ్ గుమాస్తా. అంటే నేనే. నాకప్పుడు యాభై మూడేళ్లు. టైపు మిషను తప్ప ఇంకో మిషను ముట్టుకుని ఎరగను.

కాగితం పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను. ఆమె నలభై మంది మధ్య కింద కూర్చుని కాయలు ఏరుతోంది.

“ఏమ్మా, ఈ వయసులో నన్ను బెంచీ మీద కూర్చోబెడతావా? రెండు నెలలు. నేను రెండు నెలలు లేకపోతే ఈ ఆఫీసులో పని ఆగిపోదూ?”

ఏరుతున్నవాళ్ల చేతులు నిలిచిపోయాయి. సుబ్బరావమ్మ నా వంక, ఖుర్షిదా వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఖుర్షిదా తాలుకాయ ఒకటి తీసి పక్కకి వేస్తూ, “ఆగితే ఫోన్ చేస్తాం లెండి గుమాస్తాగారూ, వెంటనే వచ్చేద్దురుగాని,” అంది.